మూడు చుక్కల పిన్ను

సూర్యాపేట
18 ఆగస్టు 2024

వీరేశం మామకి,

నాగరాణి దండాలు. అమ్మ మోకాలు నయం. కర్ర వదిలేసి నడుస్తోంది. కానీ దాన్ని తలుపు వెనక దాచుకుంది, చుట్టాలు ఎవరైనా చూడ్డానికి వస్తే బయటికి తీస్తుంది. నీ అక్క సంగతి నీకు చెప్పాలా?

ఫోన్ చేస్తే నీకు వినపడదు, ఫొటోలు పంపుదామంటే నీది బటన్ల ఫోను. అందుకే మళ్ళీ కాగితం పట్టుకున్నా. మామా, మేళ్లచెరువు ఫ్యాక్టరీ ఉద్యోగం మానేశాను. పదకొండేళ్ళు వాళ్ళ వర్క్‌షాప్‌లో వాళ్ళ లేత్ మీద తిప్పాను, చాలు. గొర్రెలు అమ్మేశాక ఇంటి వెనక కొట్టం ఖాళీగానే ఉంది కదా. నేల సిమెంట్ చేయించాను, త్రీ ఫేజ్ కరెంటు కూడా వచ్చింది. ఇక్కడే సొంత పని పెట్టుకుంటా. ఇది నడవకపోతే మళ్ళీ వాళ్ళ గేటు ముందు నిలబడాలి. అది నా వల్ల కాదు.

చిక్కేమిటంటే కొట్టం పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు. లేత్ ఒకటి, మిల్లింగ్ మిషన్ ఒకటి పెడితే నేను బయట నిలబడి పని చేయాలి. అందుకని రెండూ కలిసి ఉండే కాంబినేషన్ మిషన్ చూస్తున్నా. కింద లేత్, పైన మిల్లింగ్ తల. షాఫ్ట్‌ని చక్‌లో బిగించి తిప్పుకోవచ్చు, దించకుండానే పై తలతో దానికి గాడి కోసుకోవచ్చు. హైదరాబాద్ డీలర్ దగ్గర కొత్తది ఒకటి ఉంది, చూస్తే కుట్టు మిషన్ అంత ఉంది. రెండోది కోదాడలో. దామోదర్ రెడ్డి గారని, ఇంట్లోనే షెడ్డు వేసుకుని బోరు మోటార్ల సామాన్లు చేసుకునేవాడట. ఇప్పుడు మానేశాడు. భార్య అరుంధతమ్మ మిషన్ అమ్మేస్తానంటోంది.

కోదాడలో నీకు తెలియని మిషన్ ఉండదు. నువ్వు చేసిన ప్రతి ముక్క మీద పంచ్‌తో మూడు చుక్కలు కొట్టేవాడివి, గుర్తుందా? మూడు చుక్కలు కనిపిస్తే మిల్లుల వాళ్ళు కొలవను కూడా కొలవకుండా బిగించేవాళ్ళు. అలాంటి మనిషి మాట కావాలి నాకు. ఏది కొనమంటావో రాయి.

నీ మేనకోడలు
నాగరాణి


మిర్యాలగూడ
23 ఆగస్టు 2024

చిరంజీవి నాగరాణికి మామ ఆశీస్సులు.

ఉద్యోగం మానేసి నాకు చెప్తున్నావ్. మానేయక ముందు చెప్తే వద్దనేవాణ్ణని భయమా? వద్దనేవాణ్ణి కాదు. నా చెవులు పోయింది ఇంకొకళ్ళ షెడ్లలోనే. ఇప్పటికీ పొద్దున లేవగానే చెవిలో లేత్ తిరుగుతూనే ఉంటుంది. బయటి చప్పుడు ఒక్కటీ రాదు, లోపలి చప్పుడు ఆగదు.

మిషన్ సంగతి విను. మొదట బరువు చూడు. తేలిక మిషన్ గట్టి ఇనుము తగిలితే ఒణుకుతుంది. చక్‌ని రెండు చేతులతో పట్టుకుని పైకీ కిందికీ ఊపు, కదిలితే కొనకు. మధ్యలో అరిగి, చివర అరగని బెడ్ పట్టా అయితే వాడు జీవితమంతా పొట్టి ముక్కలే తిప్పాడని అర్థం. పై తల ఎత్తినప్పుడు పక్కకి వాలుతుందేమో చూడు. కాంబినేషన్ అంటే రెండు పనులూ సగం సగం వచ్చిన మనిషి లాంటిది, కానీ నీ చోటుకి అదే దిక్కు. కొత్తదే తీసుకో. చిన్నదైనా ఫర్వాలేదు.

గాజులు తీసి పని చేయి. చున్నీ వద్దు. చేతికి గుడ్డ చుట్టుకోకు. తిరుగుతున్నదాన్ని తుడవకు. ఇవన్నీ నీకు తెలుసు, అయినా రాస్తున్నా.

కోదాడది వద్దు.

అక్కకి నూనె రాసుకోమను. ఇక్కడ మిల్లులు ఇంకా మొదలవలేదు, ఊరంతా ఊక వాసన లేకుండా వింతగా ఉంది.

మామ
వీరేశం


సూర్యాపేట
29 ఆగస్టు 2024

మామకి,

బరువు గురించి, బెడ్ గురించి, గాజుల గురించి పేజీలు నింపావు. కోదాడ గురించి రెండు మాటలు. ఎందుకొద్దు? చక్ ఊగుతుందా? బెడ్ అరిగిందా? నువ్వు చూశావా అసలు?

అమ్మకి చదివి వినిపిస్తే ఏమన్నదో తెలుసా? "వానికి భయమే బిడ్డా. ఆడిపిల్ల పెద్ద మిషన్ మీద నిలవడితె ఎవలేమంటరోనని. కుట్టు మిషనంత ఉన్నది కొనుక్కోమంటుండు సూడు." నాకు కోపం వచ్చింది మామా, దాచుకోను. ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్లు పదకొండేళ్ళు ఇదే మాట మెత్తగా చెప్పారు. నీ దగ్గర వింటాననుకోలేదు. ఏడేళ్ళప్పుడు పీట వేసి లేత్ ముందు నిలబెట్టింది నువ్వే కదా.

ఆదివారం కోదాడ పోతున్నా. నా కళ్ళతో చూస్తా.

నాగరాణి


మిర్యాలగూడ
5 సెప్టెంబర్ 2024

చిరంజీవి నాగరాణికి,

నీ ఉత్తరం ఆలస్యంగా అందింది. ఆదివారం పడ్డ వానకి కోదాడ వైపు దారులన్నీ మునిగాయని పేపర్లో చూశాను. నువ్వు బయల్దేరి ఉండవని అనుకుంటున్నా. బయల్దేరలేదని రాయి.

ఆడపిల్లవని నేను అనలేదు. అక్క మాటలు నా నోట్లో పెట్టకు. నీ చేతిలో ఉన్న పనితనం నా కొడుకుల్లో ఒక్కడికీ రాలేదు.

ఆ మిషన్ ఆ ఇంటికి అచ్చిరాలేదు. అంతే. కొన్ని వస్తువులు అలా ఉంటాయి. దాని ముందు నిలబడ్డ మనిషికి మంచి జరగలేదు. ఎక్కువ అడగకు. పెద్దవాడి మాట ఒకటి వింటే పోయేదేమీ లేదు.

మామ
వీరేశం


సూర్యాపేట
17 సెప్టెంబర్ 2024

మామకి దండాలు. కోపం పోయింది, నవ్వొస్తోంది.

అచ్చిరాలేదు అంటావా? మంగళవారం కూడా జుట్టు కత్తిరించుకునే మనిషివి, ఎప్పటి నుంచి మామా ఇది?

నిన్న కోదాడ పోయొచ్చాను. వాన బురద ఇంకా గోడల మీద నడుమెత్తు ఉంది. షెడ్డు మిట్ట మీద ఉంది గనక మిషన్‌కి చుక్క నీరు తగల్లేదు. దామోదర్ గారు లేడు. పక్కనే అనంతగిరి దగ్గర పొలంలోనే ఉంటున్నాడట, మిషన్ మాటెత్తితే లేచిపోతాడట. ఎందుకో అరుంధతమ్మే చెప్పింది. రెండేళ్ళ కింద ఈ మిషన్ మీదే ఆయన కుడి చెయ్యి మోచేతి దాకా పోయింది.

"మా ఆయనది అజాగ్రత్తమ్మా. చొక్కా చేతులు మడవమని పెళ్ళైన కాడ్నుంచీ చెప్తానే ఉన్నా. విన్లేదు. పై తల తిరుగుతుంటే కింద గుడ్డతో తుడవబోయాడంట. ఇంకెవర్ననాలి?" అన్నది. ఆమె ఏడవలేదు. ఎన్నోసార్లు చెప్పి అరిగిపోయిన మాటలా చెప్పింది.

ఇదా నువ్వు దాచింది అనుకున్నా. వద్దనుకుని వెనక్కి తిరిగాను కూడా. అప్పుడు చక్ మీది కవర్ ఎత్తి చూశాను. మడత బందు పక్కన ఇత్తడి పిన్ను ఒకటి బిగించి ఉంది. దాని తల మీద మూడు చుక్కలు.

మామా! నువ్వు చేయి పెట్టిన మిషన్ అది! నాకు చెప్పనేలేదు. అరుంధతమ్మని అడిగితే, అవును, మిర్యాలగూడ నుంచి ఎవరో పెద్దాయన వచ్చి బాగు చేసి పోయాడన్నది. ఇంకేం చూస్తాను నేను? చక్ ఊపి చూశా, కదల్లేదు. మాట ఇచ్చేసి వచ్చా. 24న లారీ మీద వస్తుంది.

నీ మనసు అర్థమైంది. నువ్వు ఎరిగిన మనిషికి అలా జరిగింది, ఆ మిషన్ మళ్ళీ నీ కంటబడటం నీకు ఇష్టం లేదు. కానీ తప్పు మనిషిది, మిషన్‌ది కాదు. దసరాకి పూజ చేసి పని మొదలుపెడతా. మొదటి స్విచ్చి నువ్వే వెయ్యాలి. అమ్మ కూడా అదే అంటోంది.

నాగరాణి


మిర్యాలగూడ
21 సెప్టెంబర్ 2024

చిరంజీవి నాగరాణికి,

ఉత్తరం అందింది. కొన్నావు, మంచిది.

దసరా వరకు దాన్ని నడపకు. ట్రయల్ కూడా వద్దు. దసరాకి నేను వస్తాను, వచ్చాక ఒకసారి చూస్తాను, తర్వాత మొదలుపెడుదువు. కవర్ దగ్గర ఏమీ కదిలించకు, నేను వచ్చి చూసుకుంటా. దసరా పన్నెండో తారీఖు. ఇంకా టైముంది.

ఎక్కువ రాయలేకపోతున్నా. వేళ్ళు నొస్తున్నాయి.

మామ
వీరేశం


సూర్యాపేట
27 సెప్టెంబర్ 2024

మామకి,

మిషన్ వచ్చింది! దించడానికి ఎనిమిది మంది పట్టారు. కొట్టంలో నిలబెట్టాక గొర్రెలున్నప్పటి కంటే నిండుగా ఉంది. అమ్మ బొట్టు పెట్టి దాని చుట్టూ తిరిగి తిరిగి చూస్తోంది.

నువ్వు ముహూర్తం పట్టుకుని కూర్చుంటే ఎలా? ఊళ్ళో రైస్ మిల్లు వాళ్ళ షాఫ్ట్ ఒకటి విరిగింది, కొత్తది కావాలి, గాడి కోసి ఇవ్వాలి. మొదటి గిరాకీ వెనక్కి పంపితే రెండోది రాదు. అందుకని నిన్న ట్రయల్ వేశాను. తిప్పడం వెన్నలా ఉంది. సోమవారం పొద్దున గాడి కోస్తా. పూజ దసరాకే చేద్దాం, స్విచ్చి నువ్వే వేద్దువు, ముందే నడిపిన సంగతి మాత్రం మన ముగ్గురి మధ్యే ఉండనీ.

ఒకటే చిన్న ఇబ్బంది. మీట పైకి పెడితే పై మోటారు, కిందికి పెడితే కింది మోటారు తిరగాలి కదా. ఆ మీట వదులైంది. పై తల నడుస్తుంటే ఆ ఒణుకుకి మెల్లగా కిందికి జారుతోంది. అట్ట ముక్క మడిచి దూర్చాను, నిలబడింది. కవర్ ఎత్తినా చక్ తిరుగుతోంది, అది మంచిదే అయింది. ఫ్యాక్టరీలో ఏ మిషన్‌కి కవర్ ఉండింది గనక!

అమ్మ కొట్టంలోనే ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని మిషన్‌కి ఎదురుగా కూర్చుంటోంది. బతుకమ్మకి గునుగు పూలు కట్టలు కట్టి రంగులు అద్దుతోంది. లోపల కూర్చోవే అంటే, "నా బిడ్డ పని నేను సూడొద్దా" అంటుంది. నువ్వు తొందరగా రా.

నాగరాణి


మిర్యాలగూడ
30 సెప్టెంబర్ 2024, సోమవారం

నాగరాణీ,

ఇది చదువుతుండగానే మెయిన్ కట్ చెయ్. అక్కని కొట్టంలోంచి లేపు. తర్వాత మిగతాది చదువు.

నీ ఉత్తరం ఇప్పుడే, పదకొండింటికి, పోస్ట్‌మన్ ఇచ్చాడు. పక్కింటి సోమ్లాతో నీకు ఫోన్ చేయించాను. మూడుసార్లు చేశాడు. మోగుతోంది, ఎత్తట్లేదు అని చేత్తో సైగ చేశాడు. ఎత్తితే ఏం చెప్పమంటావని కాగితం మీద రాసి అడిగాడు. ఆపమను, అంతే చెప్పు అన్నా. ఎందుకో అతనికి చెప్పలేకపోయాను. ఈ కాగితం రాసిస్తే బస్సెక్కి తెస్తానన్నాడు. నేనే రావాలి. నీ ముందు నిలబడే మొహం లేక అతన్ని పంపుతున్నా. ఇంత పిరికివాణ్ణని నాకూ తెలియదు.

ఆ పిన్ను బాగు చేసింది కాదు బిడ్డా. పాడు చేసింది. ఆ కవర్ కింద ఒక స్విచ్చి ఉంది. కవర్ ఎత్తి ఉంటే చక్ తిరగకూడదు, అది దాని పని. దామోదర్ గారికి పొడుగు షాఫ్టులు పెట్టినప్పుడల్లా కవర్ అడ్డమొచ్చేది. అప్పటికి నాకు గట్టిగా అంటే కొంచెం వినపడేది. నన్ను పిలిపించి, "ఆ స్విచ్చికి ఒక పిన్ను పెట్టి ఎప్పుడూ నొక్కి ఉండేట్టు చేస్తావంట గదా. ఫలానా వాళ్ళకి చేశావంట. నాకూ చెయ్యి" అన్నాడు. పది నిమిషాల పని. చేసి, అలవాటు కొద్దీ మూడు చుక్కలు కొట్టి, బిగించి, టీ తాగి వచ్చేశా.

ఏడాది తర్వాత పై తల నడుస్తుంటే మీట జారిందట. కవర్ ఎత్తే ఉంది. ఆ స్విచ్చి ఉంటే చక్ కదిలేది కాదు. నా పిన్ను ఉంది గనక కదిలింది. ఆయన తుడవడానికి పెట్టిన చెయ్యి పెట్టినట్టే పోయింది.

నేను దవాఖానకి పోలేదు. ఇంటికీ పోలేదు. చెవులు వినపడవు కదా, పోయి ఏం వింటాను అని నాకు నేనే చెప్పుకున్నా. నువ్వు కోదాడ పేరు రాసిన రోజే చెప్పాల్సింది. నా గురించి నీకున్న మంచి మాట పోతుందని చెప్పలేదు. అచ్చిరాలేదని అబద్ధమాడాను. దసరా దాకా టైముందనుకున్నా.

బాగున్నావని ఒక్క ముక్క రాసి సోమ్లా చేతికి ఇవ్వు. ఇంకేం రాయకపోయినా సరే.

వీరేశం


సూర్యాపేట
3 అక్టోబర్ 2024

మామకి,

సోమ్లాతో "బాగున్నాం" అని ఒక్క ముక్క పంపాను. ఆ రోజు అంతే రాయగలిగా. ఇప్పుడు రాస్తున్నా.

సోమవారం పదిన్నరకి గాడి కోయడం మొదలుపెట్టాను. కవర్ ఎత్తే ఉంది, షాఫ్ట్ చక్‌లో ఉంది, పై కట్టర్ గాడిలో దిగి ఉంది. ఇనుప పొట్టు పేరుకుంటే బ్రష్‌తో ఊడుస్తున్నా. అట్ట ముక్క ఎప్పుడు రాలిపోయిందో చూడలేదు. మీట జారింది. చక్ ఒక్కసారిగా తిరిగింది. బ్రష్‌ని నా చేతిలోంచి లాక్కుంది. బ్రష్ పిడి పొడుగు గనక వేళ్ళు మిగిలాయి. కట్టర్ విరిగి ఎగిరిపోయింది.

ఫోన్ మోగుతుంటే విన్నాను మామా. అప్పటికి మిషన్ ఆపేసి నేల మీద కూర్చుని ఉన్నా. కట్టర్ ముక్క అమ్మ కుర్చీ వీపులోంచి దూరి వెనక గోడలో దిగింది. కుర్చీ కింద గునుగు కట్టలన్నీ చెదిరిపోయాయి. గులాబీ రంగు అయిపోయిందని పక్కింటి నీలా దగ్గర అడిగి తేవడానికి అమ్మ అప్పుడే లేచి పోయింది. కర్ర లేకుండా పోయింది. తిరిగొచ్చి ఆ కుర్చీని చూసి, నన్ను చూసి, నా రెండు చేతులూ పట్టుకుని వేళ్ళు లెక్కపెట్టింది.

నీ ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను. దాచాలనిపించింది, కానీ దాచినందుకే కదా ఇంత దూరం వచ్చింది. అంతా విని, "వాడు చిన్నప్పుడు కుండ పగులగొట్టి తప్పు గొర్రె మీద పెట్టేటోడు" అన్నది. నీకు అన్నం పెట్టనని మాత్రం అనలేదు.

నిన్న అనంతగిరి పోయి దామోదర్ గారిని కలిశాను. తన మిషన్ అమ్మేశారని కూడా ఆయనకి తెలియదు. ఆ షెడ్డులో రెండేళ్ళుగా కాలు పెట్టలేదట. నీ పేరు చెప్పగానే మొదట అడిగిన మాట, "ఆ పిన్ను తీసేశారా అమ్మా?" తీశానన్నా. కళ్ళు మూసుకున్నాడు. పిన్ను సంగతి ఇంట్లో ఎందుకు చెప్పలేదని అడిగాను. "అడిగి పెట్టించుకున్నది నేను. చెప్తే మీ మామ పేరు చెప్పాలి. మా ఆవిడ ఊరంతా చెప్పేది. ఆయన బతికేది ఆ మూడు చుక్కల మీద గదమ్మా. నన్ను అజాగ్రత్త మనిషంటే అన్నారు. మీ మామ ఒక్కసారి వస్తాడేమోనని చూశా. రాలా" అన్నాడు.

నాకు నీ మీద కోపం ఉంది. ఇంత కోపం ఎవరి మీదా రాలేదు. నేను ఆ మిషన్‌ని నమ్మలేదు మామా, నిన్ను నమ్మాను. కొలవకుండా బిగించే మిల్లు వాళ్ళలాగే.

పిన్ను ఈ ఉత్తరం కవర్‌లోనే పెట్టాను. స్విచ్చి ఇప్పుడు పని చేస్తోంది, కవర్ ఎత్తితే చక్ కదలదు. మీట కొత్తది వేశాను. మిషన్ ఉంచుకుంటున్నా.

నాగరాణి


మిర్యాలగూడ
7 అక్టోబర్ 2024

నాగరాణికి,

పిన్ను అందింది. ఆకురాయి తీసి చుక్కలు అరగదీద్దామని కూర్చున్నా. అరగదీయలేదు. బల్ల మీద ఎదురుగా పెట్టుకున్నా.

నన్ను క్షమించమని అడగను. అడిగే రోజు నాకు ఉందో లేదో నువ్వే చెప్పాలి.

ఇంకో సంగతి రాయాలి. ఇలాంటి పిన్ను అదొక్కటే కాదు. అలా స్విచ్చిలు నొక్కిపెట్టడం నా చేతి ఒడుపని పేరొచ్చింది, అడిగినవాళ్ళకల్లా చేశాను. కాగితం మీద ఒక్కొక్కటే గుర్తు చేసుకుని రాశాను. మొత్తం ఏడు. మిర్యాలగూడలో మూడు, మాడుగులపల్లిలో ఒకటి, మేళ్లచెరువులో ఒకటి, దామోదర్ గారిది. నిన్నటి నుంచి సోమ్లాని వెంటబెట్టుకుని ఊళ్ళోని మూడు తీసేశాను. ఒకచోట నవ్వారు, ఒకచోట తిట్టారు. మాడుగులపల్లి రేపు, మేళ్లచెరువు ఎల్లుండి.

ఏడోది ఎవరికి చేశానో గుర్తు రావడం లేదు. ఎంత తవ్వినా రావడం లేదు. అది ఎక్కడో తిరుగుతూ ఉంది. ఆ రోజు దామోదర్ గారు "ఫలానా వాళ్ళకి చేశావంట" అన్న పేరు అదే అయ్యుంటుంది. ఆ పేరు ఇప్పుడు ఆయనకే తెలుసు.

గురువారం పొద్దున బస్సుకి అనంతగిరి వస్తున్నా. నువ్వు కూడా రా. కాగితాలు, పెన్ను తెచ్చుకో. ఆయన మాట నాకు వినపడదు. ఆ పేరు రాసి చూపించు. దానికి ముందు ఆయన నన్ను ఏమేమి అంటాడో అదీ రాసి చూపించు, ఒక్క మాట తగ్గించకుండా.

వీరేశం